మావాడు పుస్తకం కొన్నాడు

పోయిన నెల మా మేనల్లుడు పుస్తకం కొన్నాడు.

బీటెక్ రెండో సంవత్సరం. ఇంతవరకూ ఎలాంటి చెడు అలవాటూ లేని పిల్లవాడు. ఒకనాటి సాయంత్రం ఎవరికీ చెప్పకుండా హన్మకొండ చౌరస్తాకు పోయి, 745 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, అట్ట మడత కూడా పడని కొత్త టెక్స్ట్‌బుక్కు సంచిలో వేసుకొని హాస్టల్‌కు వచ్చాడట. రూమ్మేట్లు చూశారు. ఒకరిద్దరు ఫోటో కూడా తీశారు. రాత్రికల్లా వార్త ఊరికి చేరింది.

బావ ఫోన్ చేశాడు. బావది పరకాల దగ్గర ఊరు, నాలుగెకరాల మిర్చి. ఎనుమాముల మార్కెట్‌లో తేమ ఉందని కొంత, తాలు ఉందని కొంత కోసుకున్నా పల్లెత్తు మాట అనని మనిషి. ఆ రాత్రి మాత్రం గొంతులో కంగారు దాగలేదు.

"బామ్మర్దీ, పోరడు పుస్తకం కొన్నడట గదా. సప్లీలేమన్న ఉన్నయా?"

"అట్లేం లేదు బావా."

"మరి పాసయ్యేటోడు పుస్తకమెందుకు కొంటడు? జర నువ్వే కనుక్కో. దగ్గరున్నోనివి."

బావ పిసినారి అనుకునేరు, కాదు. ఆర్నెల్లకోసారి "పుస్తకాలకు" అని 4,000 పంపుతాడు. ఇంకా కావాల్నా అని కూడా అడుగుతాడు. ఆయన భయం డబ్బు గురించి కాదు. పుస్తకాలకని ఇచ్చిన డబ్బు పోయి పుస్తకాల మీదే ఖర్చవడం ఆయన ఎన్నడూ వినలేదు. ఒక పద్దు కింద మంజూరై ఇంకో పద్దులో కరిగిపోవడం నిధుల సహజ గుణం. సర్కారు ఖజానా నుంచి హాస్టల్ ట్రంకుపెట్టె దాకా అదే ఆచారం. దాన్ని మావాడు తప్పాడు.

పిల్లవాణ్ణి దారిలో పెట్టే బాధ్యత నా మీద పడింది. నా అర్హతల మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు. 1976లో పెట్టిన కాకతీయ యూనివర్సిటీలో రెండేళ్లు ఎమ్మే చదివాను. ఆ రెండేళ్లలో కొన్నవి రెండు పెన్నులు, ఒక పరీక్ష అట్ట. అట్ట ఇప్పటికీ ఉంది, మా ఇంటావిడ దాని మీద కూరగాయలు తరుగుతుంది. నేను పెట్టిన చదువు ఖర్చులో నేటికీ పనికొస్తున్నది అదొక్కటే.

ఆదివారం వాణ్ణి ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, మెల్లగా అడిగాను. "ఎందుకు కొన్నవ్ అల్లుడా?"

"క్లాసుల అర్థం కాలే మామా. పుస్తకంల ఉంటదేమోనని."

ఏమనాలో కాసేపు తోచలేదు. అర్థం చేసుకోవడమన్నది ఏ యూనిట్‌లోనూ లేదే. దానికి మార్కులు కూడా లేవు.

మొదట సీనియర్ల దగ్గరికి తీసుకుపోయాను. సెమిస్టర్ అయిపోగానే పుస్తకం చేతులు మారడం మన దగ్గర పాత సంప్రదాయం. ఒకతను అదే పుస్తకం 150కి ఇస్తానన్నాడు. తెరిచి చూశాను. మొదటి పేజీలో ఐదుగురి పేర్లున్నాయి. మొదటివాడు గుండ్రంగా రాసుకున్నాడు, మీద ఓంకారం, మూలన పసుపు బొట్టు. రెండోవాడు పేరు, రోల్ నంబరు. మూడోవాడు ఉత్త పేరు. నాలుగోవాడు ఇంటిపేరొక్కటే. ఐదోవాడు ఫోన్ నంబరు మాత్రం రాసుకున్నాడు, అదీ పెన్సిల్‌తో.

లోపలికి పోతే ఎర్ర పెన్నుతో స్కేలు పెట్టి గీసిన గీతలు. వాటి మీద పచ్చ హైలైటర్. పక్కన ఒకరి చేత్తో "ఇంపార్టెంట్", దాని కింద ఇంకొకరి చేత్తో "వెరీ ఇంపార్టెంట్", దాని కింద ఐదోవాడి పెన్సిల్: "ఇది రాదు." ఇట్లా 38వ పేజీ దాకా సాగింది. 39 నుంచి 612 దాకా పుస్తకం పెళ్లినాటి చీరలాగా ఉంది. రెండు చోట్ల కాగితాలు ఒకదానికొకటి అంటుకొని ఉంటే నేనే విడదీశాను. ప్రెస్సు వాసన కూడా పోలేదు.

లెక్క వేద్దాం. ఐదుగురు కలిసి 38 పేజీలు. తలా ఏడున్నర పేజీలు. ఐదుగురూ పాసయ్యారు. ఒకడు బెంగళూరులో మంచి జీతం తీసుకుంటున్నాడట. మరి 612 పేజీలు అచ్చు వేయడం ఎవరి కోసం? మిర్చిని తొడిమ తీసి ఇచ్చినట్టు మొదటి 38 పేజీలు కోసి అమ్మితే ఎంత కాగితం మిగిలేది! ఈ సలహా ప్రచురణకర్తలకు ఉచితంగా ఇస్తున్నాను.

పాత పుస్తకంతో చిక్కు ఒకటుంది, రెగ్యులేషన్. అంటే యూనివర్సిటీ కొన్నేళ్లకోసారి మార్చే సిలబస్, దానికో నంబరు. మా వైపు చాలా కాలేజీలు జేఎన్‌టీయూ కింద ఉన్నాయి. ఆర్-18 పోయి ఆర్-22 వచ్చింది, సీనియర్ పుస్తకం ఒక్క రాత్రిలో ముసలిదైపోయింది. ఓమ్ అనే శాస్త్రవేత్త తన విద్యుత్ సూత్రం అచ్చువేసింది 1827లో. అప్పటినుంచి అది మారలేదు. అది రెండో యూనిట్‌లో ఉందా నాలుగో యూనిట్‌లో ఉందా అన్నదే మారుతూ వస్తోంది. ప్రచురణకర్తలు ఆ మార్పును గౌరవించి అట్ట రంగు మారుస్తారు, లెక్కల నంబర్లు జరుపుతారు, ధర సవరిస్తారు.

ఇంత ధర అని మనం మొత్తుకుంటాం గానీ, మన చేతికొచ్చేది చవక ముద్రణే. అమెరికా పుస్తకాలకు మన దేశంలో వేసే ముద్రణల అట్ట మీద చూడండి, ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్ ఇట్లా నాలుగు పేర్లు రాసి, ఇవి దాటి అమ్మరాదని ఉంటుంది. థాయ్‌లాండ్ నుంచి అమెరికాకు చదువుకోను పోయిన ఒక కుర్రాడికి అక్కడి ధరలు చూసి కళ్లు తిరిగి, ఇంటివాళ్లతో స్వదేశంలో చవక ముద్రణలు కొనిపించి, తెప్పించుకొని అక్కడ అమ్మాడు. పుస్తకాలు అచ్చువేసిన వైలీ కంపెనీ కోర్టుకు ఈడ్చింది. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి 2013లో కుర్రాడే గెలిచాడు. ఈ కథ చెప్తే మావాడు, "అంటే ఆ పిలగాడు పుస్తకాలు కొన్నట్టే గద మామా" అన్నాడు. వాడి బుద్ధి ఎంతసేపూ కొనడం మీదే ఉంది.

చెప్పి లాభం లేదని జిరాక్స్ సెంటర్‌కు తీసుకుపోయాను.

నయీంనగర్ నుంచి కేయూ క్రాస్‌రోడ్ దాకా నడవండి. గుడికంటే, బడికంటే, చాయ్ హోటల్‌కంటే జిరాక్స్ సెంటర్లే ఎక్కువనిపిస్తుంది. మేం పోయింది పదడుగుల గది. రెండు మెషిన్లు, ఒక ఫ్యాను. ఫ్యాను మనుషుల వైపు కాక మెషిన్ వైపు తిప్పి ఉంది. గోడకు బ్రాంచీల వారీగా అరలు: సివిల్, మెకానికల్, ఈసీఈ, సీఎస్ఈ. మిడ్ పరీక్షలు ఇంకో మూడు రోజులు. గది బయట మెట్ల మీద దాకా పిల్లలు.

"అన్నా, ఆర్-22, త్రీ యూనిట్ ఇయ్యి."

అతను తల ఎత్తలేదు. ఒక చేత్తో మెషిన్ మూత వేస్తూ, ఇంకో చేత్తో కాగితాలు సర్దుతూ అన్నాడు. "త్రీ యూనిట్ మొత్తం ఎందుకు తమ్మీ? రెండు క్వశ్చన్లే వస్తయ్. నాలుగు కాయితాలు తీస్కో. ముందు వెనక కొట్టిస్త, ఎనిమిది రూపాయలు."

ఒక్క నిమిషంలో సిలబస్ చదివి, తగ్గించి, కొలత వేసి, ధర చెప్పాడు. ఏ ప్రొఫెసర్ ఇంత తెగువ చూపగలడు? పిల్లవాడి పైసలు దండగ కాకూడదన్న తపన చూడండి. వరంగల్‌లో ఉన్నత విద్య నాణ్యత గురించి కమిటీలు వేసేవాళ్లు ముందు ఈయన్ని సభ్యుడిగా తీసుకోవాలి. కుదరదంటారు. పరీక్షల టైమ్‌లో ఆయనకు తీరిక ఉండదు.

ఇది దొంగతనం కదా అని కొందరు సజ్జనులు గొణుగుతుంటారు. వాళ్లకు ఢిల్లీ సంగతి చెప్పాలి. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక చిన్న జిరాక్స్ షాపు మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, మూడు కొండలంత ప్రచురణ సంస్థలు, దావా వేశాయి. పుస్తకాల్లోంచి కొన్ని కొన్ని పేజీలు తీసి పాఠాల కట్టలు కట్టి అమ్ముతున్నాడని. 2016 సెప్టెంబర్ 16న హైకోర్టు దావా కొట్టేసింది. కాపీరైట్ దేవుడిచ్చిన హక్కేమీ కాదంది. 1957 కాపీరైట్ చట్టంలోనే బోధన కోసం చేసుకునే నకలుకు వెసులుబాటు ఉందని చూపింది. డిసెంబర్‌లో డివిజన్ బెంచ్ కూడా ఆ సూత్రాన్ని ఒప్పుకొని, ఆ పేజీలు పాఠానికి నిజంగా అవసరమా అన్నది మాత్రం తేల్చమని వెనక్కి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే కేసు వదిలేసుకున్నారు.

పాఠానికి అవసరమైన పేజీలు అన్నమాట గుర్తుపెట్టుకోండి. మా జిరాక్స్ అన్న దగ్గర అట్ట నుంచి అట్ట దాకా స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకాలు కూడా ఉన్నాయి. ఆ తీర్పు వాటికి వర్తిస్తుందా అని నేను అడగలేదు. ఆయన పనిలో ఉన్నాడు.

ఇంకొక దారి లైబ్రరీ. నిజాం కాలంలోనే, 1904లో, హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం పెట్టారు మన పెద్దలు. తెలుగు పుస్తకం చేతికి రావడమే గొప్ప అయిన రోజులవి. ఇప్పుడు ప్రతి కాలేజీకీ లైబ్రరీ ఉంది. మావాడి కాలేజీలో ఈ పుస్తకం ఒక కాపీ అద్దాల బీరువాలో ఉందట, తాళం వేసి. బయటినుంచి అట్ట చదువుకోవచ్చు. ఇక ఊరికే దొరికేవి: ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ. వీటికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఆదా చేశామన్న తృప్తి కూడా లేదు. పిల్లలు వాటి జోలికి పోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రభుత్వం కూడా అచ్చు పుస్తకం మీద జీఎస్టీ వేయలేదు. సెల్‌ఫోన్ మీద 18 శాతం వేసింది. ఎక్కడ అమ్మకముందో దానికి తెలుసు.

ఇట్లా మిగిలిన డబ్బు ఎటు పోతుందని అడగొచ్చు. చదువుకే పోతుంది. ల్యాబ్ రికార్డు రాసిపెట్టేవాళ్లకు కొంత. ఆఖరి ఏడు రెడీమేడ్ ప్రాజెక్టుకు కొన్ని వేలు, రిపోర్టు బైండింగ్ అందులోనే. బంగారు అక్షరాల అట్ట కావాలంటే వేరే. పుస్తకం మీద 600 మిగిల్చి, పుస్తకం చదివి చేయాల్సిన పనిని 8,000కి కొనడం. దీన్ని ఎకనామిక్స్‌లో ఏమంటారో నాకు తెలియాలి, ఎమ్మేలో చదివింది అదే. ఆ యూనిట్ రాదన్నారు, వదిలేశాను.

సరే, జిరాక్స్ సెంటర్ దగ్గరే ఉన్నాం కదా. గుంపు పలచబడ్డాక మావాడు సంచిలోంచి పుస్తకం తీశాడు. జిరాక్స్ అన్న మొదటిసారి తల ఎత్తాడు.

"ఒరిజినలా?"

చేతులు ప్యాంటుకు తుడుచుకొని అందుకున్నాడు. పేజీలు తిప్పాడు. ఒక సర్క్యూట్ బొమ్మ దగ్గర ఆగి, అరలోంచి తన స్పైరల్ కాపీ తీసి పక్కన పెట్టాడు. కాపీకి కాపీకి కాపీ అది. బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి మరక ఉంది, అందులోంచి రెండు బాణాలు బయటికి వచ్చాయి.

"మా దాంట్ల బొమ్మలన్నీ నల్లవడ్డయ్ సార్. ఐదేండ్ల కింద ఎవరో ఆర్ఈసీ పిలగాడిచ్చిండు. అటెన్క ఒక్కడు గూడ కొంటలేడు." (ఆర్ఈసీ 2002లోనే ఎన్ఐటీ అయింది. మా నోళ్లలో ఇంకా కాలేదు.) "తమ్మీ, ఒక్క రోజు ఉంచిపో. కొత్తది దింపుకుంట."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. అన్ని కాలేజీల అన్ని బ్యాచుల పొదుపంతా ఎవడో ఒకడు ఎప్పుడో ఒకసారి తెలివితక్కువగా పుస్తకం కొనడం మీద నడుస్తోంది. ఐదేళ్లుగా అలాంటివాడు దొరక్క ఊరి చదువు నల్లబడుతూ ఉంది. మావాడు దొరికాడు. వాడు నా మొహం చూశాడు. ఇవ్వమని సైగ చేశాను.

మర్నాడు పోతే అన్న ఇంకో బ్యాచ్ పనిలో ఉన్నాడు. పుస్తకం కట్టు విప్పేశాడు, విప్పకపోతే నడిమి అక్షరాలు రావట. విడి కాగితాలు ఎవరో మెకానికల్ పిల్లవాడు రాత్రికి తీసుకుపోయాడట, తప్పక తెస్తాడట. వారం పోయింది, తేలేదు. అన్న మొహమాటపడి మావాడికి కొత్త కాపీ ఒకటి, బొమ్మలు తేటగా పడ్డది, స్పైరల్ వేసి చేతిలో పెట్టాడు. పైసలు తీసుకోలేదు.

ఆ రాత్రి బావ ఫోన్ చేశాడు.

"ఏమైందే?"

"పుస్తకం పోయింది బావా. జిరాక్స్ వచ్చింది."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "ఇగ పాసైతడు తియ్," అన్నాడు.