మత్తు క్రీమ్‌కు లొంగని మంట

ఏళ్ల తరబడి ఎండ తగిలిన నుదుటి మీద, బట్టతల మీద గరుకుగా పొలుసులు లేచే మచ్చలు యాక్టినిక్ కెరటోసిస్. వదిలేస్తే కొన్ని క్యాన్సర్‌గా మారొచ్చు. ఆస్ట్రేలియా, యూరప్‌లలో తెల్లచర్మం వాళ్లకు ఇది మామూలే. చామనచాయ చర్మానికి అరుదు కాబట్టి మన దగ్గర ఈ పేరు పెద్దగా వినపడదు. దీనికి కోత లేని వైద్యం ఫోటోడైనమిక్ థెరపీ: క్రీమ్ పూసి, దీపం కాంతితో జబ్బు కణాలను చంపడం. చిక్కల్లా నొప్పితోనే: కొందరు మంట తట్టుకోలేక మధ్యలోనే దీపం ఆపేయమంటారు.

పొలుసులు గీకేసి, మిథైల్ అమైనోలెవులినేట్ క్రీమ్‌ను మిల్లీమీటరు మందాన పూసి, వెలుతురు తగలకుండా 3 గంటలు కట్టు కడతారు. ఈలోగా జబ్బు కణాల్లో ప్రోటోపోర్ఫిరిన్ అనే, వెలుగుకు స్పందించే పదార్థం పేరుకుంటుంది. 630 నానోమీటర్ల ఎర్రకాంతి పడగానే అది అక్కడి ఆక్సిజన్‌ను కణాలను చంపే రూపంలోకి మారుస్తుంది. నరాల కొసలూ ఆ దెబ్బ తింటాయి. దీపం వెలిగిన మొదటి నిమిషాల్లోనే మంట తారస్థాయికి చేరుతుంది. ప్రోటోపోర్ఫిరిన్ ఖర్చయ్యేకొద్దీ దిగుతుంది. మచ్చలు పరుచుకున్న మేర పెద్దదైతే బాధ ఎక్కువ. ముఖం, తల మరీను.

ఈ నొప్పికి చాలాచోట్ల ముందుగా చేతికి దొరికేది చర్మాన్ని మొద్దుబార్చే మత్తు క్రీమే. పోల్చి చూసిన పరీక్షల్లో దానితో చెప్పుకోదగ్గ ఉపశమనం కనిపించలేదు. చల్లగాలి కొట్టడం, మధ్యలో కాసేపు దీపం ఆపడం కొంత నయం. కానీ మరీ చల్లబరిస్తే రక్తప్రసరణ తగ్గి వైద్యం ఫలితమూ తగ్గొచ్చు. నిజంగా పనిచేసేది నరానికిచ్చే మత్తు సూది: నుదుటికైతే కనుబొమ దగ్గర, ఎముక అంచున. మచ్చ దగ్గరే అడ్రినలిన్ కలిపిన మత్తు ఎక్కిస్తే మాత్రం రక్తనాళాలు ముడుచుకుని ఆక్సిజన్ అందదు; అప్పుడు దీపం వెలిగించినా పెద్దగా ఉపయోగం ఉండదు. సూది వేయడానికి నేర్పున్న చేయి కావాలి, సమయం పడుతుంది. మత్తు క్రీమ్ పూయడం తేలిక గనకే అది ఇంకా నడుస్తోందని మా అనుమానం.

పలచటి మచ్చలకు అసలు దీపమే అక్కర్లేదు. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక పొలుసులు గీకి, మిథైల్ అమైనోలెవులినేట్ క్రీమ్ పూసుకుని అరగంటలోపు బయటికెళ్లి 2 గంటలు పగటి వెలుగులో ఉంటే చాలు. ప్రోటోపోర్ఫిరిన్ తయారైనంత తయారైనట్టే కరిగిపోతుంది, గుట్టగా పేరుకోదు. అందుకే నొప్పి దాదాపు ఉండదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ రాయడం: అది పని చేయాల్సిన వెలుగునే అడ్డుకుంటుంది. వాన పడుతున్నా, 10 డిగ్రీలలోపు చలి ఉన్నా వాయిదా వేయాల్సిందే.

మందంగా గట్టిపడిన మచ్చలకు ఈ పద్ధతి అంతగా చాలదు, దీపం కావాల్సిందే. పెద్ద మేర చేయించుకునేవాళ్లు నరానికి మత్తు ఇస్తారా అన్నది అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. దీపం వెలిగాక అడిగితే మొదటి నిమిషాల మంట ఎలాగూ పడాల్సే వస్తుంది.