దంపతులకు నా ఒక్కరోజు దీవెన

మొన్న ఆదివారం నాగోలులో మా అన్నయ్య కూతురి పెళ్లి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నేను చేరేసరికి తలంబ్రాలు నడుస్తున్నాయి. నాలుగు అక్షతలు చల్లి భోజనాల వైపు జారుకుంటుంటే యాంకరమ్మాయి మైకుతో అడ్డుపడింది. తలంబ్రాలకు వ్యాఖ్యానం చెప్పడానికి అదేమైనా క్రికెట్టా? "అంకుల్, ఇంగ్లీషులో చెప్పండి, అమెరికాలో చుట్టాలు చూస్తున్నారు" అంది.

కలకాలం చల్లగా ఉండమంటే పోయేది. కానీ నా ఫోను రోజుకో ఇంగ్లీషు పదం నేర్పుతోంది. ఎథీరియల్, ఎఫెమెరల్ రెండింటినీ ఒకే వారంలో పంపిన ఆ మహానుభావుడెవరో నాకు కనబడాలి. మొదటిది ఈ లోకానిది కాదనిపించే సుకుమారమైన అందం. రెండోదే నా నోటికొచ్చింది. ఈ జంట ఎఫెమెరల్ అనీ, వీరి దాంపత్యం కూడా అలాగే ఎఫెమెరల్‌గా సాగాలనీ గొంతు సవరించుకుని మరీ దీవించాను.

హాలంతా చప్పట్లు. పెళ్లికొడుకు తాతగారు మాత్రం కొట్టలేదు. ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. అక్షతలు పట్టిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

భోజనాల్లో వెతుక్కుంటూ వచ్చి నా పక్కనే కూర్చున్నారు. "గ్రీకులో హెమెరా అంటే రోజు, బాబూ. ఒక్కరోజు ఉండేది ఎఫెమెరల్. మొదట్లో ఒక్కరోజు జ్వరాలకు వాడేవారు" అన్నారు. గారె తుంచబోయాను. "వాన పడినప్పుడే పారే వాగుకు వాడవచ్చు. వాకిట్లో ముగ్గుకూ వాడవచ్చు." గారె వదిలేశాను. తరువాత మేఫ్లై అనే పురుగు వచ్చింది, అంటే మాటల్లో. దాని జాతికి ఎఫెమెరాప్టెరా అని పేరట. పిల్లగా నీళ్లలో నెలల తరబడి బతికి, రెక్కలొచ్చాక గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో పోతుందట. ఆ దశలో దానికి నోరే పనిచేయదట. ఆ వరం పురుగుకిచ్చి నాకెందుకివ్వలేదో! పెరుగు వడ్డించేవాడు మమ్మల్ని చూసి దాటిపోయాడు.

అన్నయ్య ఇంకా ఫోను ఎత్తడం లేదు. ఈ ఉదయం ఫోటోగ్రాఫరు మాత్రం చేశాడు. "సార్, ఆల్బమ్ మొదటి పేజీలో మీ ఇంగ్లీషు దీవెనే బంగారు అక్షరాలతో వేస్తున్నాం. స్పెల్లింగు ఒక్కసారి చెబుతారా?"