కడుపు కాలుతున్నట్టు సర్టిఫికెట్ తెండి

అమెరికా ప్రభుత్వం పెద్ద వయసువారికీ, వికలాంగులకూ నడిపే ఆరోగ్య బీమా మెడికేర్. దాన్ని కొందరు ఊరికే ఆడిపోసుకుంటారు. ముఖ్యంగా పేగులు పనిచేయక, తిన్నది ఒంటికి పట్టక, నరం ద్వారా ఆహారం ఎక్కించుకుని బతికేవాళ్లు. ఇంట్లో ఉండి ఆ ఆహారం ఎక్కించుకోవడానికి అనుమతి దొరకడం కష్టంగా ఉందట. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అలాంటిది ప్రభుత్వం ఊరికే పెడుతుందా?

ముందుగా నిబంధనలు రాసినవాళ్ల ఊహాశక్తిని మెచ్చుకోవాలి. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, విటమిన్లు, లవణాలు కలిపిన ఆ సంచి మనకు అన్నంలా, డాక్టరుకు మందులా కనిపిస్తుంది. మెడికేర్ కళ్లకు మాత్రం అది కృత్రిమ అవయవం. వేళాకోళం కాదు, నిజంగానే. లోపలి అవయవానికి బదులుగా పనిచేసే పరికరాల కింద, పొట్టకు పెట్టిన రంధ్రం నుంచి మలాన్ని పట్టే కొలోస్టమీ సంచులున్న పద్దులోనే దీన్నీ చేర్చారు. అంటే ఈ రోగులు రాత్రంతా పంపు పెట్టుకుని గుండె దగ్గరి పెద్ద సిరలోకి ఎక్కించుకునేది భోజనం కాదు, ఒక కట్టుడు పేగు.

కట్టుడు అవయవం అన్నాక అసలుది మళ్లీ బాగుపడకూడదు కదా! అందుకే లోపం శాశ్వతమై ఉండాలన్నారు. శాశ్వతమంటే ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేనిది, మామూలుగా కనీసం మూడు నెలలు ఉండేది. రోగి ఎనిమిది వారాల్లో కోలుకుంటాడని డాక్టరు పొరపాటున రాశాడో, ఇక అంతే సంగతులు. ఆ రోగికున్న అనర్హత ఒక్కటే, బాగవుతాడు. ఆ ఎనిమిది వారాలూ ఆస్పత్రి మంచం మీదే ఉండనివ్వండి. ఇంటికన్నా ఆస్పత్రికి ఎక్కువ ఖర్చవుతుందని లెక్కలు తీసే అల్పులను పట్టించుకోవద్దు. వైద్య విద్యార్థులకు నిరాశావాదం ఒక సబ్జెక్టుగా పెడితే ఈ ఇబ్బంది కూడా తీరిపోతుంది.

2021కి ముందున్న నిబంధనలైతే ఇంకా ముచ్చటైనవి. తిన్న కొవ్వు ఒంటికి పట్టడం లేదనే కారణంతో దరఖాస్తు పెట్టుకుంటే ఒక పరీక్ష పాసవ్వాలి. రోజుకు కనీసం 50 గ్రాముల కొవ్వు తినాలి. 72 గంటలపాటు మలమంతా పోగుచేసి ఇవ్వాలి. తిన్న కొవ్వులో సగానికి మించి అందులో తేలాలి. తిండి పడని మనిషి, తిండి పడదని నిరూపించుకోవడానికి ఆ తిండే తినాలన్నమాట! దానికి తోడు మూడు నెలల్లో పది శాతం బరువు తగ్గి ఉండాలి. ఎనిమిది శాతమే తగ్గినవాళ్లు ఇంకొంచెం పట్టుదల చూపించాలి.

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ డెసిలీటరుకు 3.4 గ్రాములు మించకూడదని ఇంకో షరతు. ఈ ఆల్బుమిన్ పస్తులకు అంతగా లొంగదు, ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే చప్పున పడిపోతుంది. కాబట్టి శాస్త్రోక్తంగా పస్తులున్నవాడు ఫెయిలయ్యే అవకాశమూ ఉండేది. ఆ పరీక్షను గెలిపించడానికి ఇన్ఫెక్షనే దిగిరావాలి.

1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డడ్రిక్ అనే డాక్టరు, నోటికి ఏమీ పెట్టకుండా నరం ద్వారానే ఆహారమిచ్చి బీగిల్ కుక్కపిల్లలను పెంచి చూపించాడు. ఈ వైద్యం నిలబడింది ఆ పనితోనే. ఆ కుక్కపిల్లలు అదృష్టవంతులు, వాటినెవరూ సర్టిఫికెట్ అడగలేదు.

తర్వాత ఎవరికో జాలి పుట్టినట్టుంది. 2021లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ కొలతలేవీ లేవు. గొట్టం ద్వారా పేగుకు ఆహారమివ్వడం కుదరదనో, ఇచ్చి చూసినా లాభం లేదనో డాక్టరు రికార్డులో రాస్తే చాలన్నారు. సంప్రదాయవాదిగా నాకు కొంచెం బెంగ కలిగింది కానీ, కృత్రిమ అవయవమన్న మాటా, శాశ్వతమన్న షరతూ అలాగే ఉంచారని తెలిసి మనసు కుదుటపడింది. అనుమతి వచ్చినా, మెడికేర్‌లో ఇలాంటి పరికరాలకు డబ్బిచ్చే భాగమైన పార్ట్ బి కింద రోగి కట్టాల్సిన 20 శాతం వాటా కూడా ఎక్కడికీ పోలేదు. వేరే బీమా ఏదీ లేనివాళ్లకు ఆ వాటాకు పైపరిమితి అంటూ ఉండదు. ఆకలికి లేదు కదా, దానికెందుకు?

పార్ట్ బి కాదన్నవాళ్లు ఏమైపోవాలని మీరడగొచ్చు. మందుల కోసం పార్ట్ డి అని ఇంకోటుంది. దాని కింద సంచిలోని ద్రవానికి డబ్బు రావచ్చు. పంపుకూ, గొట్టాలకూ, ఇంటికొచ్చే నర్సుకూ మాత్రం రాదు. ఆహారం గుమ్మం దాకా వస్తుంది, అక్కడినుంచి నరంలోకి ఎలా పంపాలన్నది రోగి సొంత తెలివితేటల మీద ఆధారపడి ఉంటుంది. పోనీ గ్లాసులో పోసుకుని తాగేద్దామా అంటే, తాగింది ఒంటికి పట్టే పేగే ఉంటే ఈ గొడవంతా ఎందుకు?