జులైలో మంకీ క్యాప్

ఇంటికి పెద్ద ఎవరో తేల్చుకోవడానికి జనం అనవసరంగా కోర్టుల దాకా వెళ్తున్నారు. దస్తావేజు ఎవరి పేరున ఉంది, జీతం ఎవరు తెస్తున్నారు, టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంది అని ఆరాలు తీస్తారు. ఇవేవీ అక్కర్లేదు. నేరుగా లోపలికి వెళ్ళి, ఇంట్లో చలీ వేడీ ఎంత ఉండాలో నిర్ణయించే గోడమీది థర్మోస్టాట్ చూడండి. అందులో ఉన్న అంకె ఎవరి ఒంటికి సరిపోతుందో వారే ఆ ఇంటి పెద్ద.

మా ఇంట్లో ఆ అంకె ఫారెన్‌హీట్‌లో 68. అంటే మన సెల్సియస్ లెక్కలో 20 డిగ్రీలు. ఆ అంకె నాకు చలి, మా ఆవిడకు జలుబు, మా అమ్మానాన్నలకు మంకీ క్యాప్. సరిపోయేది ఒక్కరికే. ఆయన బరువు 52 కిలోలు, పేరు కర్ణుడు, జాతి గ్రేట్ పిరనీస్.

సహజ కవచంతో పుట్టాడని ఆ పేరు నేనే పెట్టాను. పైన ముతక వెంట్రుకలు, వాటి కింద దూదిలాంటి బొచ్చు. ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్యనున్న పిరనీస్ కొండల్లో రాత్రంతా మంచులో కూర్చుని గొర్రెల్ని తోడేళ్ళ నుంచి కాపాడాల్సిన జాతి కాబట్టి అంత ఏర్పాటు. భారతంలో కర్ణుడు తన కవచాన్ని ఒకే ఒక్కసారి ఒలిచి ఇచ్చాడు, ఇప్పటికీ పొగుడుతున్నాం. మావాడు ఏడాదికి రెండుసార్లు, చలి తగ్గాక ఒకసారి, ఎండలు తగ్గాక ఒకసారి, అడక్కుండానే ఇస్తాడు. సోఫాకి, కార్పెట్‌కి, నా నల్ల కోటుకి, అమ్మ పట్టుచీరకి, ఒక ఆదివారం పప్పుచారుకి. రోజుకొక సంచీ నిండేది. పొగిడినవాళ్ళు లేరు. వ్యాక్యూమ్ క్లీనర్ మాత్రం ఆ దానం పట్టలేక ప్రాణాలే వదిలింది.

వాడు మా దగ్గరికొచ్చింది అమెరికాలో ఉత్తరాదిన ఉన్న మినియాపోలిస్‌లో. అక్కడ అధికారాల పంపకం స్పష్టంగా ఉండేది. బయటంతా వాడిది, లోపలంతా మాది. జనవరి ఉదయం మైనస్ 25 ఉంటుంది. ఫారెన్‌హీటా, సెల్సియసా అని అడక్కండి. మైనస్ 40 దగ్గర రెండూ ఒకటైపోతాయి. ఆ దరిదాపులకు వచ్చాక తేడా చర్చించే ఓపిక ఎవరికీ ఉండదు. వాడు బయటికెళ్ళడానికి ఒక్క గెంతు చాలు. నాకు ఇరవై నిమిషాలు. లోపలి బట్టలు, వాటిమీద బట్టలు, రెండు జతల సాక్సులు, టోపీ, గ్లవ్స్ వేసుకుని, తీరా గ్లవ్స్ వేశాక బూట్లు కట్టుకోలేదని గుర్తొచ్చి మళ్ళీ మొదలు. అన్నీ అయ్యి బయటికెళ్తే వాడు మంచులో చుట్ట చుట్టుకుని, ముక్కు తోకలో దాచుకుని, భోంచేసి అరుగుమీద నడుం వాల్చిన పెద్దమనిషిలా పడుకుని ఉంటాడు. రమ్మంటే రాడు.

రాకపోవడం వాడి తప్పు కాదు. పక్కన మనిషి లేకుండా కొండమీద సొంత నిర్ణయాలు తీసుకోవడానికి తరతరాలుగా తయారైన జాతి అది. నా పిలుపు వింటాడు, పరిశీలిస్తాడు, పక్కన పెడతాడు. నా లీవు అర్జీలకు ఆఫీసులో జరిగేదీ అదే కాబట్టి నాకు కొత్తేం కాలేదు.

అక్కడ రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది కుక్కల పాదాల్ని మండిస్తుంది, నాకితే కడుపు చెడుతుంది. అందుకని నాలుగు బూట్లు కొన్నాను. మొదటి రోజే మూడు పోయాయి. ఏప్రిల్‌లో మంచు కరిగాక నాగార్జునకొండ తవ్వకాల్లో లాగా ఒక్కొక్కటే బయటపడ్డాయి. బూట్లు లేవు కాబట్టి ఇంటికి రాగానే కాళ్ళు కడగాలి. కాళ్ళ బొచ్చుకి మంచు రవ్వలడ్డూల్లా ఉండలు కట్టుకుని ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళతో వాటిని కరిగించాలి. ఒక సంక్రాంతి పొద్దున నేను తలంటుకోలేదు గానీ వాడి కాళ్ళు నాలుగూ కడిగాను. పెళ్ళిలో మా మామగారు నా కాళ్ళు కడిగాక మా రెండు కుటుంబాల్లో అంత శ్రద్ధగా కాళ్ళు కడిగిన సందర్భం అదొక్కటే.

2019లో నాకు టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉద్యోగం వచ్చింది. ఫ్రిస్కోలో ఇల్లు చూసుకున్నాం. గుడి ఎంత దూరం, గోంగూర ఎక్కడ దొరుకుతుంది, వీధిలో తెలుగువాళ్ళు ఎన్నిళ్ళు, అందరినీ అన్నీ అడిగాం. కుక్కని అడగలేదు. అడిగుంటే 2011లో అక్కడ 71 రోజులు వంద డిగ్రీల ఫారెన్‌హీట్ తగిలిందని, ఒకసారి ఆలోచించుకోమని చెప్పేవాడేమో. బండి కింద నడిచే కుక్క బండిని తనే లాగుతున్నాననుకుంటుందని సామెత. మా ఇంట్లో బండి కింద ఉన్నది నేను.

2020 ఫిబ్రవరిలో అమ్మా నాన్నా ఆరు నెలలకని వచ్చారు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీసా గడువు పెంచమని అర్జీ పెట్టి వాళ్ళూ, కుక్కా, మేమూ ఒకే కప్పు కింద స్థిరపడ్డాం. మాది పల్నాడులో రెంటచింతల. ఎండల వార్తల్లో ఏటా పేరు వినిపించే ఊరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది నాన్నకి సామెత కాదు, స్థానిక వార్త. డెబ్బై ఏళ్ళలో ఆయన ఏసీ గదిలో పడుకున్నది రెండుసార్లు, రెండూ ఆస్పత్రిలోనే. ఊళ్ళో ఇంటికి ఏసీ పెట్టిస్తానని ఎనిమిదేళ్ళు అడిగాను, ఎనిమిదేళ్ళూ వద్దన్నారు. తొమ్మిదో ఏడు అడగడం మానేశాను. కుక్కకి మాత్రం ఒక్కసారి కూడా అడక్కుండానే పెట్టాను. దీనిమీద ఆయన ఏమీ అనలేదు, అనకపోవడం నాకు బాగానే వినిపించింది.

జులై వచ్చింది. బయట 41, లోపల 20. నాన్న స్వెట్టరు, శాలువా, మంకీ క్యాప్‌తో సోఫాలో కూర్చున్నారు. పిడుగురాళ్ళ నుంచి మా మావయ్య వీడియో కాల్ చేశాడు. చూసి హడలిపోయి, "ఏం బావా, అమెరికాలో ఈ నెల్లో కూడా మంచు పడుద్దా?" అన్నాడు. నాన్న కెమెరాని కిటికీ వైపు తిప్పి ఎండ చూపించారు. "బయట కాదురా, లోపల."

అమ్మ పరిష్కారం సులువైనది. "గుండు కొట్టించరా, సుఖంగా ఉంటాడు. ఇండియా వెళ్ళాక తిరుపతిలో వీడి పేరున మనమే మొక్కు తీర్చుకుందాం." పశువుల డాక్టరమ్మని అడిగితే ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. బొచ్చు మొదలంటా గొరిగిస్తే చర్మానికి నేరుగా ఎండ తగిలి కాలుతుంది, తిరిగి మొలిచేది మునుపటిలా మొలుస్తుందన్న నమ్మకమూ లేదు, చిక్కులు లేకుండా దువ్వి ఊడిన అడుగు బొచ్చు తీసేస్తే చాలంది. నాన్నకి ఇది వెంటనే అర్థమైంది. "తాటాకు పాక లాంటిదన్నమాట. వేసవొచ్చిందని కప్పు పీకేసుకుంటామా?" అన్నారు. ఆ రోజు నుంచి కుక్కని పాక అనడం మొదలెట్టారు.

కప్పు ఎంత మంచిదైనా లోపలి వేడి పోవాలి కదా. కుక్కకి చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. మిగతా వేడంతా నాలుక బయటపెట్టి వగర్చడంతోనే పోవాలి. గాలిలో తేమ పెరిగితే అదీ సరిగ్గా సాగదు. అందువల్ల వాకింగు పొద్దున ఐదున్నరకి, మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నర దాటాక. రోడ్డుమీద అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి, ఓర్చుకోగలిగితేనే కుక్కని నడిపించాలని ఇక్కడొక లెక్క ఉంది. ఆ తనిఖీ బాధ్యత నాన్న తీసుకున్నారు. ఆయనకు చేతిమీద నమ్మకం లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి అట్లపెనం మీద చల్లినట్టు రోడ్డుమీద చల్లేవారు. "ఇంకా చుయ్యిమనలేదు, పోనీ" అని అనుమతి ఇచ్చేవారు. ఎదురింటి అమెరికన్ దంపతులు దీన్ని పూజ అనుకున్నారు. మేమూ కాదనలేదు.

పగలంతా ఏసీలో నిద్రపోతే రాత్రి డ్యూటీకి ఓపిక ఉంటుంది. ఫ్రిస్కోలో తోడేళ్ళు లేవు గానీ నక్కల్లాంటి కయోటీలు ఉన్నాయి. అవి లేని రాత్రి డెలివరీ వ్యాన్లు, అవీ లేకపోతే చంద్రుడు. తెల్లవారుజామున 2.40కి మీ కుక్క మొరిగినట్టు ఫిర్యాదు అందింది అని కాలనీ సంఘం వాళ్ళు ఉత్తరం రాశారు. చదివి వినిపిస్తే నాన్న ఆశ్చర్యపోయారు. "మొరక్కపోతే గదా ఉత్తరం రాయాల్సింది?"

ఇక 2021 ఫిబ్రవరి 15, సోమవారం. ముందురోజు రాత్రి మంచు పడటం మొదలైంది, తెల్లవారకముందే కరెంటు పోయింది. టెక్సస్ మొత్తం మీద 45 లక్షల ఇళ్ళకు పైగా చీకట్లో ఉన్నాయని తర్వాత తెలిసింది. మరునాడు డాలస్ విమానాశ్రయంలో మన లెక్కలో మైనస్ 19. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదట. కరెంటు లేకపోతే థర్మోస్టాట్‌లో అంకె ఉండదు. అంకె లేకపోతే ఇంటికి పెద్ద ఎవరో నా సిద్ధాంతం చెప్పలేదు. ఆ మూడు రోజులూ మాది దిక్కులేని సంసారం.

పెద్దాయన మాత్రం పెరట్లో ఉన్నాడు. ఏడాదిన్నర క్రితం పోయిన ఆస్తి తిరిగొచ్చినట్టు మంచులో వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి ఒళ్ళు రుద్దుకుంటున్నాడు. లోపల మా ఆవిడ గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి టీ పెడుతోంది. నేను పైపులు పగులుతాయేమోనన్న టెన్షన్‌తో కుళాయిల్లోంచి సన్నగా నీళ్ళు వదులుతున్నాను. ఆ ఇంట్లో కంగారు పడనిది అమ్మా నాన్నా ఇద్దరే. స్వెట్టరు, శాలువా, మంకీ క్యాప్ సర్దుకుని సోఫాలో తమ చోట్లలో కూర్చున్నారు.

"చలిగా లేదా నాన్నా?" అన్నాను.

"జులైలో అలవాటు చేశావుగా" అన్నారు.

రెండో రాత్రి లోపల కూడా మాటకో పొగ వస్తుంటే కర్ణుణ్ణి బతిమాలి ఇంట్లోకి తెచ్చాం. హాల్లో పరుపులు వేసుకుని వాడి చుట్టూ పడుకున్నాం. కుక్కని వంటింటి గడప దాటనివ్వని అమ్మ వాడి వీపుకి ఆనుకుని పడుకుంది. నాన్న పాదాలు రెండూ వాడి పొట్ట కింద పెట్టుకుని, "పాక బాగానే ఉందిరా" అని నిద్రపోయారు.

మూడో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. హీటరు మోగింది. అంకె నెమ్మదిగా 60, 64, 68 దాటి 71కి వచ్చింది. మా ఆవిడ స్వెట్టరు విప్పింది. కర్ణుడు లేచి, నాలుక బయటపెట్టి, వగరుస్తూ గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. నాన్న కాసేపు వాడి వంక చూసి, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, లేచి వెళ్ళి అంకె తగ్గించారు.