నులిపురుగుకో ఉచిత బస్సు బోర్డు

ఉచిత బస్సు ఆడవాళ్లకే అనుకుంటున్న బెజవాడ, గుంటూరు వాసులకు మనవి. కృష్ణ నీళ్లలో అంతకంటే పాత సర్వీసు ఒకటుంది. బస్సు పేరు నులిపురుగు, కడుపులో ఉండేది కాదు, నీళ్లలో విడిగా బతికేది. మిర్చి, టమాటా వేళ్లకు బుడిపెలు తెప్పించే పురుగుకు దూరపు చుట్టం. ఇది మాత్రం పంట జోలికి పోదు, బ్యాక్టీరియాను మేసి బతుకుతుంది. నిండా పెరిగినా ఒక మిల్లీమీటరు. మనిషికి స్వయంగా ఏ హానీ చేయదు, పాపం.

మేసినవన్నీ అరగకపోవడమే దాని సేవాభావం, పొట్టలో ప్రాణంతో మిగిలిన బ్యాక్టీరియాలే దాని ప్రయాణికులు. 1960లో అమెరికా పరిశోధకులు ఇలాంటి పురుగులకు టైఫాయిడ్ కుటుంబపు సాల్మొనెల్లాను, రక్త విరేచనాల షిగెల్లాను మేపి క్లోరిన్ పెట్టి చూశారు. బయట తేలే బ్యాక్టీరియాను తుడిచిపెట్టే మోతాదు, పొట్టలో కూర్చున్నవాటిని తాకలేకపోయింది.

నీళ్ల శుద్ధి కేంద్రంలోని ఇసుక ఫిల్టరు ఆపదా అంటారేమో. ఇసుక రేణువు అర మిల్లీమీటరు, పురుగు లావు మిల్లీమీటరులో పదో వంతైనా ఉండదు. కదిలే పురుగు సందుల్లోంచి మెలికలు తిరుగుతూ దిగిపోతుంది. కదల్లేనిది ఫిల్టరుకు ముందే పటిక మడ్డిలో చిక్కి, మడ్డిని తేర్చే క్లారిఫైయర్ తొట్టి అడుగుకు చేరుతుంది. కాబట్టి ఇంకా శుద్ధి చేయని రా వాటర్‌లోనే ముందుగా క్లోరిన్ కలిపి దాన్ని సొమ్మసిల్లజేయడం ఘోరమైన ప్రయాణ వ్యతిరేక చర్య. ఎగ్గొట్టండి. ఫిల్టరు ఇసుకను కింది నుంచి నీళ్లు తోసి కడిగే బ్యాక్‌వాష్ కూడా రేపటికి వాయిదా వేయండి: ఇసుక బెడ్డు మీద పేరుకున్న జిగటలో మేత దండిగా ఉంటుంది, పుష్కరాల రద్దీ అక్కడే మొదలవుతుంది.

కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితే మన ప్రమాణానికి చాలు. క్లోరిన్ మిగిలిందో లేదో చూసే క్లోరోస్కోపు గొట్టంలో రంగు తేలితే రిజిస్టరులో టిక్కు పడుతుంది. రంగు పొట్టలోకి తొంగి చూడదు కదా. నీళ్లలో మలపు బ్యాక్టీరియా జాడ వెతికే కోలిఫాం పరీక్షా అంతే, పురుగును నలిపి చూస్తే తప్ప లోపలి ప్రయాణికులు లెక్కకు రారు.

ఇక మిగిలింది మన డాబా మీది ట్యాంకు, అంటే డిపో. గోడల జిగట బ్రష్షుతో రుద్ది, వెయ్యి లీటర్ల నీళ్లకు రెండు వందల గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు వేసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే పారబోసి, రెండుసార్లు కడిగితే డిపో మూతపడుతుంది. రుద్దకుండా పౌడరు చల్లితే జిగట కిందివి హాయిగా నిద్రపోతాయి. ట్యాంకు మూత పగిలి ఉంటే, డిపోను మళ్లీ తెరిచే దుమ్ము ఎలాగూ ఉంది.

బస్సునూ ప్రయాణికులనూ ఒకేసారి మట్టుబెట్టే దౌర్జన్యం ఒక్కటే, నీళ్లను కళపెళా మరగబెట్టడం. దీన్ని అరికట్టాలంటే గ్యాస్ బండ ధర ఇంకాస్త పెంచాలని నులిపురుగుల తరఫున విన్నవించుకుంటున్నాం.