బిరడా బిగించిన గొయ్యి

ఫిలిప్పీన్స్‌లోని మరిందుకే ద్వీప రాష్ట్రంలో 1996 మార్చి 24న ఒక గోతి బిరడా లీకైంది. తపియన్ కొండలో రాగి తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్ట్ గొయ్యి అది. అడుగున నీరు బయటికి పోయే పాత సొరంగం ఉంటే నోటికి కాంక్రీటు బిగించి, గోతినిండా గని బురద నింపారు. ఆ రోజు సొరంగం గుండా బురద మకులప్నిత్ నదిలోకి, అక్కణ్నుంచి బోవాక్ నదిలోకి దూకింది. సుమారు 16 లక్షల ఘనపు మీటర్లు. సముద్రం దాకా 27 కిలోమీటర్ల నది పూడిపోయింది. హినపులన్ వంటి పల్లెలకు దారి తెగిపోయింది. దీన్ని ప్రమాదం అనడానికి మాకు మనసొప్పదు.

మార్‌కాపర్ కంపెనీ అక్కడ తవ్వకం మొదలుపెట్టింది 1969లో. ఇలాంటి గనిలో టన్ను రాయికి పది కిలోల రాగి కూడా రాదు. రాయిని పిండి చేసి, నీళ్లలో కలిపి, నురుగుతో రాగి తేలగొట్టాక మిగిలేది దాదాపు వేసిన రాయంతా. దీన్నే టెయిలింగ్స్ అంటారు. గని పెట్టేవాడు ముందుగా వెతకాల్సింది రాగిని అమ్మే చోటు కాదు, ఈ బురదను పెట్టే చోటు. 1975 నుంచి 1991 దాకా కంపెనీ దానికి చూపిన చోటు కలంకన్ అఖాతం. పదహారేళ్లలో పడ్డది సుమారు 20 కోట్ల టన్నులు. రోజుకు భాగిస్తే పది టన్నుల లారీలు మూడువేల నాలుగు వందలు. అవి కూడా నడిసముద్రంలో కాదు, జాలర్లు వల వేసే తీరంలో. నియంతగా ఉన్న మార్కోస్‌కు ఈ కంపెనీలో బినామీ వాటాలున్న సంగతి 1986లో ఆయన పారిపోయాక బయటపడింది. అంతకుముందు ఫిర్యాదులు ఎందుకు కదల్లేదో వేరే చెప్పాలా?

1988లో కాలుష్య మండలి పారబోత ఆపమంది. అధ్యక్ష కార్యాలయం ఆ ఉత్తర్వును నిలిపి ఒక షరతు పెట్టింది: అఖాతం బాగుకోసం రోజుకు 30,000 పెసోలు జమ చేయాలి. పై లెక్క ప్రకారం టన్నుకు ఒక పెసో కూడా పడదు. ఆ కాస్త సొమ్ము మీద కూడా బకాయిల తగవు పడి, 2000లో సుప్రీంకోర్టులో గానీ తేలలేదు.

1991లో సముద్రం దారి మూసుకుపోయింది. తపియన్‌లో ఖనిజం అయిపోయింది, పక్కన శాన్ ఆంటోనియో గొయ్యి తెరిచారు. కొత్త గోతి బురదను పాత గోతిలో పోద్దామన్నారు. ఖర్చు లేని ఉపాయమే. కానీ తవ్వుకోవడానికి చేసిన గొయ్యి నిలవ చేయడానికి చేసిన చెరువు కాదు. లోపల మట్టం పది మీటర్లు పెరిగితే అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది, అదీ మంచినీళ్లయితే. బురద అంతకన్నా బరువు. ఇలాంటి చోట కాంక్రీటు పగలడం అరుదు. దాని చుట్టూ తవ్వకపు పేలుళ్లకు బీటలిచ్చిన రాతిలోంచి నీరు దారి చూసుకుంటుంది, సన్నటి బురదను వెంటేసుకుపోతూ దారిని వెడల్పు చేసుకుంటుంది. అందుకే బిరడా పొడవును ఎదుటి ఒత్తిడిని బట్టి లెక్కగట్టాలి, చుట్టూ రాతిలోకి సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించాలి, ఊటనీటిని రోజూ కొలవాలి. ఊట పెరిగినా, తేటనీరు మసకబారినా గొయ్యి నింపడం ఆ పూటే ఆపాలి. తపియన్‌లో అంతకుముందే, 1995లోనే, ఊట కనిపించింది. నింపడం ఆగలేదు.

1996 లీకుకు రెండేళ్లకు పైగా ముందే హెచ్చరిక అందింది కూడా. శాన్ ఆంటోనియో మట్టి కొట్టుకురాకుండా మొగ్పొగ్ నది ఎగువన మగిలా-గిలా కట్ట కట్టారు. వద్దని ఊళ్లవాళ్లు ముందే మొత్తుకున్నారు. 1993 డిసెంబరులో వానలకు అది తెగి మొగ్పొగ్ పట్టణం మునిగింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. మట్టికట్టకు మీదుగా నీరు పొర్లడమే చావు. తుపాన్ల దేశంలో, పూడిక మేటవేసి జాగా తగ్గిపోయే కట్టకు అలుగు సరిపోకపోతే తప్పు వానది కాదు. ఆ వరద బాధితులు వేసిన దావా మీద బోవాక్ పట్టణ కోర్టు తీర్పు ఇచ్చింది 2022 మేలో: ముప్పైమంది ఫిర్యాదీలకు తలా 2 లక్షల పెసోల నష్టపరిహారం, మనోవ్యథకు తలా మరో లక్ష, పైన శిక్షగా 10 లక్షలు. వరదకూ తీర్పుకూ మధ్య 28 ఏళ్లు.

ఇక అసలు డబ్బున్నవాళ్ల సంగతి. మార్‌కాపర్‌లో 39.9 శాతం వాటా, నిర్వహణలో చెయ్యీ కెనడా కంపెనీ ప్లేసర్ డోమ్‌వి. అది 2001లో ద్వీపం విడిచింది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాలోని నెవాడాలో దావా వేసింది. 2006లో ప్లేసర్‌ను మరో కెనడా కంపెనీ బారిక్ కొనేసింది. ఈ కేసు వినాల్సిన చోటు ఇది కాదని నెవాడా కోర్టు చెప్పింది, 2015లో అక్కడి సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. మధ్యలో 2 కోట్ల డాలర్ల రాజీ ప్రతిపాదన వస్తే, షరతులు చూసి మరిందుకే ఒప్పుకోలేదు. ఆ నిర్ణయాన్ని మొండితనం అన్నవాళ్లున్నారు. మేము అనం. మిగిలిన కట్టల, గోతుల బాధ్యత మొత్తం నెత్తిన వేసుకుని తీసుకునే సొమ్ము పరిహారం ఎలా అవుతుంది?

మూసివేత ఖర్చును తవ్వకం అనుమతికి ముందే నగదుగా కట్టించుకోవాలి. హామీ పత్రం స్థానిక కంపెనీ పేరున కాక మాతృసంస్థ పేరున ఉండాలి, వాటాలు అమ్ముకున్నా ఆ హామీ వెంటపోవాలి. లెక్కలో ఆమ్లజలం పద్దు విడిగా ఉండాలి. గంధకమున్న రాయికి గాలీ నీరూ తగిలితే గంధకామ్లం పుడుతుంది, అది రాయిలోని లోహాలను కరిగించి నదిలో దింపుతుంది. సున్నం కలిపి విరుస్తూ పోవాలి, తేరిన మడ్డిని మళ్లీ ఎక్కడో పెట్టాలి. ఈ పని గని ఆగాక దశాబ్దాలు సాగుతుంది. మరిందుకేలో సున్నానికి డబ్బిచ్చేవాడు లేడు. గోతుల్లో నీళ్లు నిలిచే ఉన్నాయి, వాటి దిగువన మొగ్పొగ్, బోవాక్ ఉన్నాయి.