మహారాజశ్రీ స్ఫెరికల్ బేరింగు గారికి

మహారాజశ్రీ స్ఫెరికల్ బేరింగు గారి దివ్య సముఖమునకు, బెజవాడ నుంచి మీ కారు ఓనరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీరుండేది నా వీపు వెనకే కాబట్టి మీ క్షేమ సమాచారాలు ఏ ఉత్తరమూ లేకుండానే టకటకమని రోజూ అందుతున్నాయి.

అసలు మన సంబంధం కుదిరిందే కోపంలో. పాత సెడాన్, వెనక మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని కొన్ని ఇనప చేతులు పట్టుకుని ఉంటాయి), అందులో ట్రైలింగ్ ఆర్మ్ అనే చేతిని బండికి కలిపేచోట ఉండే రబ్బరు బుష్‌లు అరిగాయని ఒకచోట (పేరెందుకు లెండి) కొత్తవి వేయిస్తే ఎనిమిది నెలలకే చిరిగాయి. మామూలుగా చిరగడం కాదు, ఆ పగుల్లో రూపాయి బిళ్ల నిలబడుతోంది. ఇక రబ్బరు జాతినే నమ్మకూడదని తీర్మానించుకుని, రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు చూసి మిమ్మల్ని వరించాను. మలుపులో బరువు పడగానే రబ్బరు నొక్కుకుపోతుంది, వెనక చక్రం టో (అంటే ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కాస్త మారుతుంది, బండి తోక దానిష్టం వచ్చినట్టు కదులుతుంది, అదే స్టీలు గిన్నెలో స్టీలు గుండు కూర్చుంటే ఆ గొడవే ఉండదన్నారు. నిజమే, పెళ్లిచూపుల్లో మీవాళ్లు ఒక్క అబద్ధమూ ఆడలేదు. పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టిగా ఉండే ప్లాస్టిక్ రకం) బుష్ సంబంధం కూడా వచ్చింది గానీ, ఈ ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతూనే పక్కకీ మెలితిరుగుతుంది, పాలీ ఒక్క దిక్కుకే ఒప్పుకుని మిగతా వాటికి బిగుసుకుపోతుంది. మీరు ఏ దిక్కుకంటే ఆ దిక్కుకి తిరుగుతారు. (మా చుట్టాల్లోనూ ఒకాయన ఉన్నాడిలాగే, వదిలేద్దాం.)

ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి మీకోసం స్టీలు గిన్నె తీసి, మీరు జారిపోకుండా పట్టే రింగుకి, అంటే సర్‌క్లిప్‌కి, గాడి కూడా పెట్టాడు. పాత బుష్ మాత్రం ప్రెస్సు కింద కూడా కదల్లేదు. చివరికి రబ్బరంతా కోసి పారేసి, హాక్సా బ్లేడు ఊడదీసి, మిగిలిన ఇనప గొట్టంలోంచి దూర్చి, మళ్లీ ఫ్రేముకి బిగించి లోపల్నుంచి కోశాడు. చివరి నూలు మందం దగ్గర మాత్రం, ఆర్మ్‌కి గీత పడుతుందేమోనని రెండు వేళ్లతో బ్లేడు పట్టుకుని గోరు తీస్తున్నంత నెమ్మదిగా లాగాడు. గొట్టం టప్పుమని విచ్చుకుంది.

అప్పుడు అడిగాడు: "సార్, పోయినసారి ఈ బోల్టు బిగించేటప్పుడు బండి నేల మీదుందా, లిఫ్టు మీదుందా?"

లిఫ్టు మీదే. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి, పక్కనే నిలబడి టీ తాగుతూ చూశాను.

"అదండీ సంగతి. బిగించాక లోపలి గొట్టం బ్రాకెట్టుకి అతుక్కుపోద్ది, ఇక తిరిగేది రబ్బరే. వేలాడదీసి బిగిస్తే బండి దిగిన దగ్గర్నుంచీ రబ్బరు మెలిపడే ఉంటది. ఎన్నాళ్లని ఓర్చుకుంటది పాపం?"

అంటే తప్పు పానా పట్టుకున్నవాడిది, శిక్ష రబ్బరుకి. అప్పటికే మీకు కట్నం మొత్తం ఇచ్చేశాను.

మీ మంచితనం కూడా చెప్పాలిగా. మొదటిరోజు కాజ టోల్‌గేటు దాటి గుంటూరు వైపు పోతుంటే, రోడ్డు మీద లేన్ మారినప్పుడల్లా వెనక భాగం గీత గీసినట్టు వెంట వచ్చింది. స్టీరింగు మీద చెయ్యి వేసి నాలో నేనే నవ్వుకున్నాను. తిరుగు ప్రయాణంలో కనకదుర్గ వారధి ఎక్కేసరికి ఆ నవ్వు పోయింది. దాని మీద అన్ని జాయింట్లున్నాయని ఇన్నేళ్లలో నాకు తెలీదు, ఇప్పుడు ఒక్కొక్కటీ నా వెన్నెముకలో హాజరు పలుకుతోంది. వెనక సీట్లో అమ్మ కాసేపు ఓర్చుకుని, "నాన్నా, డిక్కీలో గిన్నెలేమన్నా పెట్టావా?" అంది. ఉన్నవి మీ రెండు గిన్నెలే అని ఎలా చెప్పను?

నాలుగో నెలకి మీకు నోరు కూడా లేచింది. గుండుకీ గిన్నెకీ మధ్య మీకున్నది పల్చటి టెఫ్లాన్ పొర, అందులోకి మన ఊరి దుమ్మూ ఇసకా వెళ్లి కాపురం పెడితే ఇంకేముంది, ప్రతి స్పీడ్‌బ్రేకరు దగ్గరా లొడలొడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి రబ్బరు బుష్‌లు సగం చక్రం లోతు బురద నీళ్లలో నానాయి, కిక్కురుమనలేదు. మీరేమో తుంపర పడితే కిర్రుమంటారు. మేస్త్రిని అడిగితే, దుమ్ము వెళ్లకుండా తొడుగు వేయించుకోండి సార్ అన్నాడు. దేంతో చేస్తారయ్యా అంటే, రబ్బరుతో అన్నాడు. రబ్బరు వద్దని మిమ్మల్ని తెచ్చుకుని, మీకు రబ్బరు చొక్కా కుట్టించాలన్నమాట.

రేసు ట్రాకు మీద మీ ఘనతని నేను కాదనను, అక్కడ వారం వారం విప్పి చూసేవాళ్లుంటారు. నా దగ్గర ఉన్నది నెలకోసారి గుంటూరు పిన్ని ఇంటికెళ్లే అమ్మ.

అన్నట్టు, నిన్న ఆటోనగర్ నుంచి కొత్త రబ్బరు బుష్‌లు రెండు తెచ్చి డిక్కీలో పెట్టాను, సరిగ్గా మీ నెత్తి మీద. ఈసారి బండిని నేల మీద నిలబెట్టాకే బోల్టు బిగిస్తానని మేస్త్రి మాటిచ్చాడు. ఆదివారం దాకా టైముంది, ఈలోపు మీరూ వాళ్లూ ఏమన్నా మాట్లాడుకుంటే మాట్లాడుకోండి, కాస్త మెల్లగా.

ఇట్లు,
మీ కారు ఓనరు